సీఏహెచ్ ఉన్న బిడ్డ సంరక్షణ: రోజువారీ మాత్రలు, జ్వరం వచ్చిన రోజు, వాంతులైన రాత్రి

డాక్టర్లు క్లుప్తంగా సీఏహెచ్ అని పిలిచే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి. మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లను తయారు చేయాలంటే 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ కావాలి. 6వ క్రోమోజోముపై ఉన్న సీవైపీ21ఏ2 జన్యువు తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి కూడా దెబ్బతిన్న రూపంలో వచ్చిన బిడ్డకు ఆ ఎంజైమ్ తయారు కాదు, లేదా చాలినంత తయారు కాదు. సీఏహెచ్ పిల్లల్లో నూటికి 90 మందికి పైగా కారణం ఇదే. కార్టిసాల్ తగ్గిందని గ్రహించిన పిట్యూటరీ గ్రంథి (మెదడు అడుగున ఉండేది) అడ్రినల్ గ్రంథులను ఎడతెగకుండా ప్రేరేపిస్తుంది; అవి పెరిగి పెద్దవవుతాయి గాని, కార్టిసాల్‌గా మారలేకపోయిన ముడిసరుకు పురుష హార్మోన్ల తయారీకి మళ్లుతుంది. ఆడశిశువుల్లో పుట్టేనాటికే జననాంగాల ఆకృతి భిన్నంగా కనిపించడానికి కారణం ఇదే. మగశిశువుల్లో అంత స్పష్టమైన గుర్తు ఉండదు కనుక, 2వ, 3వ వారాల్లో వాంతులు, బరువు తగ్గడం, మగత మొదలయ్యేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆల్డోస్టిరాన్ కూడా లేని పిల్లల శరీరం ఉప్పును మూత్రంలో వదిలేసి పొటాషియంను నిలుపుకొంటుంది. తీవ్రరూపంలో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఈ ఉప్పు కోల్పోయే రకానికి చెందినవారే.

ఇది వ్యాధి నిర్ధారణ జరిగి, చేతిలో మందుల చీటీతో ఇంటికి వచ్చిన కుటుంబం కోసం రాసినది. మాత్రలు వేయడం కొద్ది వారాల్లో అలవాటవుతుంది. ప్రాణాపాయం సాధారణంగా మామూలు రోజున రాదు. జ్వరమో వాంతులో పట్టుకున్న రోజున, అందునా ‘తెల్లారాక చూద్దాంలే’ అనుకున్న రాత్రి వస్తుంది. అందుచేత ఇక్కడ రోజువారీ మందుల కంటే జబ్బుపడిన రోజున చేయవలసిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఇందులోని మోతాదులు వైద్యులు సాధారణంగా పాటించేవి. మీ బిడ్డ విషయంలో మాత్రం పిల్లల హార్మోన్ల వైద్యులు రాసి ఇచ్చిన అంకెలే చెల్లుతాయి, ఇక్కడివి కావు. అలాంటి కాగితం మీ దగ్గర లేకపోతే, తర్వాతి సందర్శనలో మొదట అడగవలసింది అదే.

రోజూ వేసే మందులు

శరీరం తయారు చేసుకోలేని కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు, ఆల్డోస్టిరాన్‌కు బదులుగా ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు జీవితాంతం వేయాలి. ‘స్టెరాయిడ్’ అన్న మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు. ఇక్కడ ఇస్తున్నది శరీరానికి లేనిదాన్ని, లేనంత మేరకే; ఉబ్బసానికో కీళ్లవాతానికో పెద్ద మోతాదులో ఇచ్చే స్టెరాయిడ్ చికిత్సతో దీన్ని పోల్చకూడదు. ఈ మోతాదులో వాడే బిడ్డకు రోగనిరోధక శక్తి తగ్గదు. అందరు పిల్లలకూ వేసే టీకాలన్నీ వేళకు వేయించవచ్చు. బిడ్డ హుషారుగా ఉన్నాడని, లేదా ఎవరో మూలికా వైద్యం చెప్పారని మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం మాత్రం ప్రాణాంతకం.

హైడ్రోకార్టిసోన్ మోతాదును బరువును బట్టి కాక ఒంటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తారు. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని, రెండింటినీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఆ వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. 100 సెంటీమీటర్ల ఎత్తు, 16 కిలోల బరువు ఉన్న బిడ్డకు అది సుమారు 0.67. ఎదిగే వయసులోని సీఏహెచ్ పిల్లలకు చదరపు మీటరుకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు వాడతారు కనుక, ఈ బిడ్డకు రోజుకు 7.5 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీగ్రాముల మాత్రలో పూటకు సగం చొప్పున మూడు పూటలు సరిపోవచ్చు. ఈ లెక్కను మీరే వేసుకుని మోతాదు మార్చమని నా ఉద్దేశం కాదు. బిడ్డ ఎదిగినా ఏడాదిగా పాత మోతాదే నడుస్తోందంటే డాక్టరును అడగడానికి ఈ లెక్క పనికొస్తుంది.

హైడ్రోకార్టిసోన్ ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది కాబట్టి మూడు పూటలూ వేయాల్సిందే. పొద్దున్నే నిద్రలేవగానే మొదటిది, మధ్యాహ్నం రెండోది, రాత్రి పడుకునే ముందు మూడోది అన్న క్రమం చాలా ఇళ్లలో కుదురుతుంది. పసిపిల్లలకు మాత్రను నలిపి కొద్దిపాటి నీళ్లలో కలిపి సిరంజితో పోస్తారు. అయితే ఈ మందు నీళ్లలో పూర్తిగా కరగదు, అడుక్కు చేరుతుంది. అందువల్ల రోజంతటికీ ఒకేసారి కలిపి సీసాలో దాచి పూటకింత పోస్తే, పొద్దున తక్కువా రాత్రి ఎక్కువా పడుతుంది. ఏ పూటకు ఆ పూట కలపడం, సిరంజి అడుగున మిగిలిన పొడిని ఇంకొన్ని నీళ్లతో కడిగి పోయడం మేలు. ఈ ఇబ్బంది తీర్చే పిల్లల హైడ్రోకార్టిసోన్ గ్రాన్యూల్స్ (సన్నని గుళికలు) 2018 నుంచి యూరప్‌లో, 2020 నుంచి అమెరికాలో ఉన్నాయి. మెడికల్ షాపులో హైడ్రోకార్టిసోన్ లేదని ప్రెడ్నిసోలోనో డెక్సామెథసోనో చేతిలో పెడితే డాక్టరును అడగకుండా తీసుకోకండి. అవి ఎక్కువ సేపు, ఎక్కువ బలంగా పనిచేసి, ఎదిగే బిడ్డ ఎత్తును దెబ్బతీయగలవు.

ఫ్లూడ్రోకార్టిసోన్ సాధారణంగా 100 మైక్రోగ్రాముల మాత్ర. రోజుకు 50 నుంచి 200 మైక్రోగ్రాముల వరకు పడుతుంది. కొన్ని కంపెనీల మాత్రలను ఫ్రిజ్‌లో ఉంచాలి, కొన్నింటిని అక్కర్లేదు. ఆ సంగతి పెట్టె మీదే రాసి ఉంటుంది. చిన్న ఊళ్ల షాపుల్లో ఈ మందు తరచూ దొరకదు కనుక కనీసం ఒక నెలకు సరిపడా మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెప్పించుకోవాలి.

ఏడాదిలోపు పిల్లలకు ఉప్పు కూడా మందే. తల్లిపాలలోనూ డబ్బా పాలలోనూ సోడియం తక్కువ కనుక, రోజుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పును పాలు పట్టే వేళల్లో భాగాలుగా ఇవ్వమని డాక్టర్లు చెబుతారు. ఇది చిటికెల లెక్కన వేసేది కాదు. షాపులోనో ఆసుపత్రిలోనో తూకం వేసి కట్టించిన పొట్లాలు గాని, కొలత తెలిసిన ద్రావణం గాని వాడాలి. ‘పసిబిడ్డకు ఉప్పు పెట్టకూడదు’ అనే మంచి సలహా ఈ బిడ్డకు వర్తించదని అమ్మమ్మకూ నాయనమ్మకూ ముందే చెప్పి ఉంచండి. ఇంటి భోజనం మొదలయ్యాక సాధారణంగా అదనపు ఉప్పు అవసరం తగ్గుతుంది. మన వేసవిలో మాత్రం చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ, అన్నంలో ఊరగాయ పిల్లవాడు అడిగితే కాదనకండి. ఉప్పు కోసం వెంపర్లాడే బిడ్డకు సోడియం తగ్గుతోందేమో పరీక్ష చేయించడం కూడా మంచిదే.

జ్వరం వచ్చిన రోజు

ఆరోగ్యవంతుడి శరీరం జ్వరం వచ్చినప్పుడు కార్టిసాల్‌ను తనంతట తానే కొన్ని రెట్లు పెంచుకుంటుంది. సీఏహెచ్ బిడ్డకు ఆ పని మనం చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102.2 దాటితే మూడు రెట్లు అన్నది చాలామంది డాక్టర్లు పాటించే పద్ధతి, కొందరు 101.3 దగ్గర మొదలుపెడతారు. పైన చెప్పిన బిడ్డకైతే పూటకు 2.5కు బదులు 5 లేదా 7.5 మిల్లీగ్రాములు అవుతుంది. రాత్రి డోసుకూ మర్నాటి పొద్దుటి డోసుకూ మధ్య దూరం ఎక్కువ కనుక, పెంచిన మోతాదును 6 గంటలకోసారి నాలుగు భాగాలుగా వేయమని కొందరు రాస్తారు. అలా రాస్తే అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేపి వేయవలసిందే. చేత్తో నుదురు తాకి చూడడం చాలదు, ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. జ్వరం తగ్గి 24 గంటలు గడిచాక మామూలు మోతాదుకు తిరిగి రావచ్చు. నాలుగైదు రోజులు దాటినా తగ్గకపోతే పెంచిన మోతాదుతోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఫ్లూడ్రోకార్టిసోన్‌ను జబ్బు రోజున పెంచనక్కర్లేదు, ఆపనూ కూడదు. జ్వరం లేని జలుబుకు, పరీక్షల కంగారుకు, స్కూలు ఆటలకు హైడ్రోకార్టిసోన్ పెంచనక్కర్లేదు. టీకా వేయించిన రోజున జ్వరం వస్తేనే పెంచాలి. అనుమానం వచ్చినప్పుడల్లా పెంచడం అలవాటైతే ఏడాది మొత్తంలో బిడ్డకు చేరే స్టెరాయిడ్ పెరిగిపోతుంది, ఎదుగుదల మందగిస్తుంది. నిజంగా జబ్బుగా ఉన్నప్పుడు మాత్రం ఒకటి రెండు రోజుల పెద్ద మోతాదు వల్ల నష్టమేమీ లేదు. ఎటో ఒకవైపు తప్పు జరగక తప్పదంటే, జబ్బుగా ఉన్న బిడ్డకు ఎక్కువ వేసే వైపే తప్పాలి.

జబ్బు రోజున బిడ్డను ఆకలితో ఉంచకూడదు. కార్టిసాల్ తక్కువైన పిల్లల్లో, ముఖ్యంగా చిన్నవాళ్లలో, రక్తంలో గ్లూకోజ్ త్వరగా పడిపోతుంది. ‘లంఖణం పరమౌషధం’ ఈ ఇంట్లో చెల్లని సామెత. గంజి, పాలు, చక్కెర కలిపిన పానీయాలు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ ఇవ్వాలి. కొబ్బరినీళ్లు దానికి బదులు కావు: వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ; ఉప్పు కోల్పోయే బిడ్డకు కావలసినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

వాంతులైన రాత్రి

మాత్ర వేసిన 30 నిమిషాల్లోపు వాంతి అయితే అదే మోతాదు మళ్లీ వేయాలి. మళ్లీ వాంతి అయితే ఇక మూడోసారి ప్రయత్నించకూడదు. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేసి ఆసుపత్రికి బయలుదేరాలి. వాంతి లేకపోయినా బిడ్డ మగతగా వాలిపోతున్నా, లేపితే సరిగా లేవకపోయినా, ఒళ్లు పాలిపోయి చేతులు కాళ్లు చల్లబడినా, తీవ్రమైన కడుపునొప్పి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఇదే చేయాలి. ఎముక విరగడం, పెద్ద రోడ్డు ప్రమాదం, కాలిన గాయాల వంటి సందర్భాల్లో లక్షణాల కోసం చూడకుండా మొదటే ఇంజెక్షన్ ఇవ్వాలి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో మాత్ర గాని నీళ్లు గాని పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంజెక్షన్‌కు కావలసింది హైడ్రోకార్టిసోన్ సోడియం సక్సినేట్ 100 మిల్లీగ్రాముల వయల్. ఖరీదైనది కాదు, చాలా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఒక డబ్బాలో రెండు వయల్స్, స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్, 2 మిల్లీలీటర్ల సిరంజిలు, సూదులు, స్పిరిట్ దూది, డాక్టరు ఉత్తరం పెట్టి అందరికీ తెలిసిన చోట ఉంచండి; అలాంటిదే ఇంకో డబ్బా స్కూల్లో ఉంటే మరీ మంచిది. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. వయల్‌లో ఉండేది పొడి కాబట్టి 2 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ ఎక్కించి, పొడి పూర్తిగా కరిగేదాకా మెల్లగా తిప్పాలి. అప్పుడు 1 మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాములు ఉంటాయి. చాలామంది పాటించే కొలత ప్రకారం మూడేళ్లలోపు పిల్లలకు 25 మిల్లీగ్రాములు అంటే 0.5 మిల్లీలీటరు, మూడు నుంచి పన్నెండేళ్ల వరకు 50 అంటే 1 మిల్లీలీటరు, ఆపై వయసుకు 100 అంటే మొత్తం 2 మిల్లీలీటర్లు. వయసు గీతలు ఆసుపత్రిని బట్టి కొద్దిగా మారతాయి. మీ బిడ్డ అంకెను డబ్బా మూతమీద పెద్ద అక్షరాలతో రాయండి.

బిడ్డను పడుకోబెట్టి, తొడ బయటివైపు, తుంటికీ మోకాలికీ సరిగ్గా మధ్య చోటును స్పిరిట్‌తో తుడిచి, సూదిని నిటారుగా కండలోకి దించి, మందును ఎక్కించి, తీశాక దూదితో కాసేపు అదిమి పట్టుకోవాలి. చేతులు వణుకుతున్నాయనో, కొలత కాస్త ఎక్కువైందేమోననో ఆగకండి. ఒక్క డోసు ఎక్కువైనంత మాత్రాన బిడ్డకు హాని లేదు, ఆలస్యమైతేనే హాని. ఇది ఆసుపత్రి నర్సు దగ్గర చేతితో చేసి నేర్చుకోవలసిన పని. తల్లి ఒక్కతే నేర్చుకుంటే చాలదు, తండ్రి, ఇంట్లో ఉండే మరో పెద్దవారు కూడా నేర్చుకోవాలి. పాత వయల్‌తో దిండు మీద సాధన చేయవచ్చు. ఎవరికీ ధైర్యం చాలని ఇంట్లో, వీధిలోని ఆర్‌ఎంపీకో ఏఎన్ఎమ్‌కో ఆ ఉత్తరాన్ని ముందే చూపించి, రాత్రిపూట పిలిస్తే వచ్చి వేసేలా మాట తీసుకోవడం ఆచరణలో పనికొచ్చే ఏర్పాటు.

ఇంజెక్షన్ వేసిన బిడ్డ పది నిమిషాల్లో కళ్లు తెరిచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి వెళ్లే తీరాలి. 108కి ఫోన్ చేసేటప్పుడు ‘వాంతులు’ అని మాత్రమే చెప్పకండి, ‘అడ్రినల్ క్రైసిస్, స్టెరాయిడ్ మీద ఆధారపడిన బిడ్డ’ అని చెప్పండి; కార్టిసాల్ చాలక వచ్చే ఈ ప్రాణాపాయ స్థితికి డాక్టర్లు వాడే పేరు అదే. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఈ వ్యాధిని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అది తప్పేమీ కాదు, అరుదైన వ్యాధి. కనుక ఇంగ్లీషులో టైపు చేయించి, మీ డాక్టరు సంతకం, ముద్ర వేయించిన ఒక పేజీ ఉత్తరం చేతికివ్వండి. అందులో ఉండవలసిన విషయం ఇంతే: ‘ఈ బిడ్డకు ఉప్పు కోల్పోయే రకం సీఏహెచ్ ఉంది. వాంతులు, మగత, షాక్ ఉంటే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంత మోతాదు వెంటనే ఇవ్వండి. నార్మల్ సెలైన్ కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున వేగంగా ఎక్కించండి. గ్లూకోజ్ తక్కువుంటే డెక్స్‌ట్రోజ్ ఇవ్వండి. సోడియం, పొటాషియం చూడండి. పొటాషియం కలిపిన ద్రవాలు మొదట వద్దు. ఆ తర్వాత హైడ్రోకార్టిసోన్‌ను చదరపు మీటరుకు రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల చొప్పున కొనసాగించి, ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ ఈ ఉత్తరం ఫోటో తల్లిదండ్రులిద్దరి ఫోన్లలోనూ, స్కూలు ప్రిన్సిపాల్ దగ్గరా ఉండాలి. బిడ్డ మెడలోనో చేతికో వ్యాధి పేరు చెక్కించిన బిళ్ల ఉంటే, మీరు పక్కన లేని ప్రమాదంలో అదే మాట్లాడుతుంది.

ఆపరేషన్‌కు ముందు, మత్తు ఇచ్చి చేసే పంటి చికిత్సకు ముందు సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ విడివిడిగా చెప్పాలి, ఒకరు మరొకరికి చెబుతారులే అనుకోకూడదు. క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్ వంటివి హైడ్రోకార్టిసోన్‌ను శరీరం నుంచి త్వరగా పంపించేస్తాయి. అవి మొదలుపెడుతుంటే హార్మోన్ల డాక్టరుకు తెలియజేయాలి. ప్రయాణంలో మాత్రలు, ఇంజెక్షన్ డబ్బా చేతి సంచిలోనే ఉండాలి. విదేశాల నుంచి సెలవులకు వచ్చేవారు మొత్తం ప్రయాణానికి సరిపడా మాత్రలకు తోడు రెట్టింపు మోతాదు రోజులకు కావలసినవి కూడా తెచ్చుకోవాలి.

మోతాదు సరిపోతోందా?

పసితనంలో మూడు నెలలకోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో బిడ్డను చూపించాలి. ఎత్తు, బరువు, బీపీతో పాటు రక్తంలో సోడియం, పొటాషియం, రెనిన్ (ఒంట్లో ఉప్పు చాలుతోందో లేదో తెలిపేది), 17-ఓహెచ్‌పీ (కార్టిసాల్‌గా మారలేక పేరుకుపోయే ముడిసరుకు), ఆండ్రోస్టీన్‌డయోన్ (ఒక పురుష హార్మోన్) చూస్తారు. రెండేళ్లు దాటాక ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసును క్రమం తప్పకుండా అంచనా వేస్తారు. ఇక్కడ తల్లిదండ్రులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. 17-ఓహెచ్‌పీ రిపోర్టులో ‘ఎక్కువ’ అని ఉన్నంత మాత్రాన మందు చాలలేదని కాదు. దాన్ని పూర్తిగా సాధారణ స్థాయికి దించాలంటే బిడ్డకు అవసరానికి మించి స్టెరాయిడ్ పోయాల్సి వస్తుంది, కాబట్టి కొంత ఎక్కువగానే ఉంచుతారు. రిపోర్టు కంటే ఎదుగుదల చార్టు నమ్మదగినది. తోటి పిల్లల కంటే గబగబా పొడవవడం, ఐదారేళ్లకే జననాంగాల దగ్గర వెంట్రుకలు, మొటిమలు రావడం, ఒళ్లు నల్లబడడం మందు చాలడం లేదనడానికి గుర్తులు. ముఖం గుండ్రంగా ఉబ్బి, ఎత్తు ఆగి, బరువు మాత్రమే పెరుగుతుంటే మందు ఎక్కువవుతోంది. మొదటి రకం బిడ్డను చూసి చుట్టాలు ‘బాగా ఎదుగుతున్నాడు’ అని మురిసిపోతారు. ఎముకలు తొందరగా ముదిరిపోతే పెద్దయ్యాక పొట్టిగా మిగిలేది ఆ బిడ్డే.

యుక్తవయసులో మందు శరీరం నుంచి త్వరగా పోతుంది, పిల్లలు మాత్రలు ఎగ్గొట్టడమూ అప్పుడే. పదేళ్లు దాటినప్పటి నుంచి మాత్రల డబ్బాను వారి చేతికే ఇచ్చి, మీరు పక్కనుండి గమనించడం నయం. అబ్బాయిలకు వృషణాల్లో అడ్రినల్ కణజాలపు గడ్డలు ఏర్పడవచ్చు గనుక స్కానింగ్ అవసరమవుతుంది. ఆడపిల్లల విషయంలో శస్త్రచికిత్స చేయించాలా, ఎప్పుడు చేయించాలన్నది తొందరపడి, చుట్టాల ఒత్తిడితో తీసుకునే నిర్ణయం కాదు. అనుభవం ఉన్న బృందంతో మాట్లాడి, వీలైనంత వరకు ఆ అమ్మాయి అభిప్రాయానికి చోటు ఉంచాలి. పురుష హార్మోన్లను అదుపు చేసి స్టెరాయిడ్ మోతాదును తగ్గించుకునే వీలు కల్పించే క్రినెసెర్ఫాంట్ అనే మందుకు 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నాలుగేళ్లు దాటిన పిల్లలకూ అనుమతిచ్చింది. అది హైడ్రోకార్టిసోన్‌తో పాటు వాడేదే గాని, దానికి బదులు కాదు.

తర్వాతి కాన్పు

తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువును మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలలో ఇద్దరూ ఒకే తాత నుంచి ఆ జన్యువును పొంది ఉండే అవకాశం ఎక్కువ. అందుచేత తోబుట్టువుల కుటుంబాలకూ ఈ సంగతి చెప్పడం మన కర్తవ్యం, దాచడం మర్యాద కాదు. మొదటి బిడ్డ జన్యు పరీక్ష రిపోర్టు చేతిలో ఉంటేనే గర్భంలో పరీక్ష సాధ్యమవుతుంది కాబట్టి, గర్భం నిలవకముందే హైదరాబాదులోని నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం వంటి చోట సలహా తీసుకోవాలి. పరీక్ష చేయించుకోనివారు కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పి, బిడ్డ పుట్టిన 48 గంటల తర్వాత మడమ నుంచి రక్తం తీయించి 17-ఓహెచ్‌పీ పంపించాలి. ఫలితం వచ్చేదాకా రోజూ బరువు తూచి, 5వ రోజు నుంచి సోడియం, పొటాషియం చూడమని అడగాలి. గర్భంలో ఉన్నది ఆడశిశువైతే జననాంగాల మార్పును ఆపడానికని తల్లికి డెక్సామెథసోన్ మాత్రలు ఇస్తామని ఎవరైనా అంటే, అది ఇంకా పరిశోధన దశలోనే ఉన్న చికిత్స అని, పరిశోధన బృందాల పర్యవేక్షణ లేకుండా ఇవ్వకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయని గుర్తుంచుకుని రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.